తాంబూలంలో బాడుగ

“ఏమమ్మా, ఆ రోజు చెప్పింది అబద్ధమా, ఈ రోజు చెబుతున్నది అబద్ధమా?”

1983 ఆగస్టులో, తిరుపతిలో ఒక మేడమీద గదిలో, భూసేకరణ విచారణకు వచ్చిన అధికారి రమామణిని అడిగిన ప్రశ్న ఇది. వెనక బెంచీల మీద ఆమె వీధివాళ్ళు ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. భర్త రాలేదు. ఆమె చేతిలో ఇనుప తీగకు గుచ్చిన పోస్టుకార్డుల దొంతర ఉంది. ప్రశ్న మోటుదే గాని న్యాయమైనది. ఆమె జవాబు తర్వాత చెబుతాను. ఆ రెండు రోజుల మధ్య తొమ్మిదేళ్ళున్నాయి. ముందు వాటి సంగతి.

రమామణిది పాకాల. తండ్రి రైల్వేలో గూడ్సు గుమాస్తా. జంక్షన్ పక్కన పెరిగిన పిల్ల కనుక కాలు ఒకచోట నిలిచేది కాదు. భోజనానికి కూర్చుంటే మూడుసార్లు లేచేది. మాట్లాడుతూ గుమ్మం దాకా వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి, తిరిగొచ్చి అదే మాటను పూర్తి చేసేది. పందొమ్మిదో ఏట శఠగోపాన్ని పెళ్ళాడి తిరుపతిలో గుడి వెనక వీధికి వచ్చింది. శఠగోపం గుడి గోష్ఠిలో అరవ ప్రబంధం చెప్పేవాడు. నెలకు తొంభై రూపాయలు, రోజుకు ఇంత ప్రసాదం. చక్కని కంఠం. ఆ కంఠంతో నెలలో పద్దెనిమిది రోజులు గడిచేవి. మిగిలిన పన్నెండు రోజులు గడపడం రమామణి పని.

ఆ ఇల్లు వీధి వైపు ఇరుకు, లోపలికి పొడుగు. ముందు అరుగు, దాని వెంట వీధి వైపున రెండు గదులు, తర్వాత నడవ, వంటిల్లు, వెనక బావి, బావి అవతల ఉత్త నేల. కొండకు వచ్చినవాళ్ళు ఆ రెండు గదుల్లో దిగేవారు. వీధిలో ఉన్న పద్నాలుగు ఇళ్ళలోనూ ఇదే ఏర్పాటు. అయితే స్వామి ఊళ్ళో నీడ అమ్ముకోకూడదని వీధి నియమం. కనుక ఎవరూ అమ్మేవారు కాదు, ఇచ్చేవారు. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు పళ్ళెంలో తాంబూలం పెట్టేవారు. ఆకుల కింద డబ్బు ఉండేది. శఠగోపం ఆ పళ్ళెం అందుకుని, కళ్ళకద్దుకుని, పెరుమాళ్ళ ముందు పెట్టేవాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక రమామణి వచ్చి ఆకులెత్తి చూసేది. గుమ్మంలో బాడుగ, దేవుడి గూటి ముందు కానుక, వంటింట్లో బియ్యం. ఇరవై రెండేళ్ళలో ఆకుల కింద ఎంత ఉందని శఠగోపం ఒక్కసారి అడగలేదు. వీధిలో దాన్ని వైరాగ్యం అనేవారు.

“వైరాగ్యం కాదు, అడిగితే చెప్తానని భయం,” అనేది రమామణి.

1974లో ఇళ్ళ పన్ను విలువలు తిరగగట్టే పని వచ్చింది. పద్ధతి చిన్నదే. ఇంటికి ఏడాదికి ఎంత బాడుగ వస్తుందో, రాకపోతే ఎంత రావచ్చో అంచనా వేసి రిజిస్టరులో రాస్తారు. అందులో నాలుగో వంతు పన్ను. ఆ వీధికి వచ్చిన ఉద్యోగి కోదండం. నగరి నేతవాళ్ళ అబ్బాయి, ముప్పై ఏళ్ళవాడు. వాళ్ళ నాయన మగ్గం మీదే ముసలివాడైతే, ఈయన టేపు పట్టుకుని ఊళ్ళో గోడలు కొలిచే పనికి వచ్చాడు. టేపు తీసినా ముందు మోచేత్తో ఒకసారి కొలిచి చూసుకునేవాడు. అది ఇంటి అలవాటు.

“ఈ రెండు గదులకీ బాడుగ ఎంత వస్తాదమ్మా?” అని అడిగాడు.

“బాడుగా? ఎవరిస్తారు నాయనా. చుట్టాలొస్తారు, పోతారు.”

నడవలో అప్పుడు హోస్పేట నుంచి వచ్చిన పదకొండు మంది, తాజా గుండ్లకు గంధం పూసుకుని, వరసగా కూర్చుని పెరుగన్నం తింటున్నారు.

“వీళ్ళంతా సుట్టాలా?”

“చుట్టాలే.”

“కన్నడం మాట్లాడతా ఉండారే?”

“మా చిన్నాయన అల్లుడు ఆ పక్కవాడు.”

కోదండం నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. “ఈ వీదిలో పద్నాలుగిండ్లు కొలిసినానమ్మా. పద్నాలుగిండ్లకీ సుట్టాలే. మా నగరిలో పెండ్లికి పిలిసినా ఇంతమంది రారు.”

ఆమె ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన రిజిస్టరులో ‘స్వంత నివాసం, బాడుగ లేదు’ అని రాసి, ఇంటి మొత్తానికి ఏడాది విలువ రెండు వందల నలభై రూపాయలు వేశాడు. పన్ను అరవై. ఆ రెండు వందల నలభైలో వీధి వైపు గదుల వంతు, ఆయన లెక్క ప్రకారం, అరవై రూపాయల విలువ. ఆ అరవై అంకెను అప్పుడెవరూ పట్టించుకోలేదు. అయిదేళ్ళకొకసారి విలువలు తిరగగట్టాలని రూలుంది గాని ఆ వీధికి మళ్ళీ ఎవరూ రాలేదు. బియ్యం ధర రెండింతలు దాటింది. ఆకుల కింద అయిదు రూపాయల చోట పదిహేను కనిపించసాగాయి. రిజిస్టరులో మాత్రం 1974 కదలకుండా కూర్చుంది. వీధి దాన్ని స్వామి దయ అనుకుంది.

1983 మేలో ఇద్దరు మనుషులు వచ్చి ప్రతి ఇంటి గోడమీదా ఎర్ర రంగుతో గీత గీసి పోయారు. వీధి వెడల్పు చేస్తారట. గీత నుంచి ముందుకున్నది పదకొండు అడుగులు, అంటే అరుగు, రెండు గదులు పోతాయి. పరిహారం ఇస్తారు. ఎంత? రిజిస్టరులో ఉన్న ఏడాది విలువకు ఇరవై రెట్లు. అరవై ఇంటూ ఇరవై, పన్నెండు వందలు.

ఆ అంకె విన్న రోజు రమామణి రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి బావి అవతలి ఉత్త నేలను అడుగులతో కొలిచింది. అక్కడ రెండు గదులు లేస్తే చుట్టాలు దిగుతారు. లేవకపోతే నెలలో పన్నెండు రోజులు పొయ్యి వెలగదు. మేస్త్రీని అడిగింది. మట్టి గోడ, రేకుల కప్పు వేసినా ఏడు వేలు దాటుతుందన్నాడు. పన్నెండు వందలకు పునాది కూడా లేవదు.

వీధి సమావేశం దేవనాథన్ ఇంట్లో జరిగింది. దేవనాథన్ శఠగోపానికి అన్న, మూడిళ్ళ అవతల ఉంటాడు, రిటైరైన తెలుగు పండితుడు. బడి మానేశాక ఆయనకు తరగతి వీధే. ఆయన చేసిన ఏర్పాటు రెండు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, ఇవి ప్రాచీన కైంకర్యపరుల గృహాలు కనుక వీధినే వదిలిపెట్టాలని అర్జీ పెట్టడం. రెండు, బాడుగ అన్న మాట ఎవరూ నోటితో అనకపోవడం.

“ఒక్కరు బాడుగ అన్నారంటే పద్నాలుగిండ్లకూ పాత పన్ను తగులుకుంటుంది,” అన్నాడాయన. “మీదు మిక్కిలి, స్వామి అతిథుల్ని అమ్ముకున్నామనే పేరు.”

“అర్జీకి రోడ్డు ఆగుతుందా బావగారూ?” అని రమామణి గుమ్మం దగ్గర నిలబడే అడిగింది.

“నువ్వు ముందు కూర్చో రమా. నిన్ను చూస్తే నాకు రైలు తప్పిపోతా ఉన్నట్టు ఉంటుంది.”

అందరూ నవ్వారు. ఆమె కూర్చోలేదు.

“గోడమీద రంగు ఆరిపోయింది బావగారూ. అర్జీలో ఇంకా సిరా ఆరలేదు.”

“అర్జీ మాట నాకు వదిలెయ్. ఇండ్లల్లో యాత్రికుల ఉత్తరాలు, కార్డులు ఏవన్నా ఉంటే ఇవాళే నీళ్ళ పొయ్యిలో వెయ్యండి. సోదాకు వస్తే సాక్ష్యం ఉండకూడదు.”

సోదా అన్న మాట ఎవరూ ఎక్కడా అనలేదు, దేవనాథన్ తప్ప. కానీ ఆ సాయంత్రం వీధిలో పదమూడు ఇళ్ళ నీళ్ళ పొయ్యిల్లో కార్డులు కాలాయి. జీవితంలో ఒక్క రసీదు కూడా రాయకుండా బతికినవాళ్ళు, ఉన్న ఒకేఒక్క కాగితాన్నీ తగలబెట్టుకున్నారు. పన్నుకు భయపడటం వాళ్ళకు తెలుసు. తమ ఇంటి విలువ ఎప్పుడైనా తామే రుజువు చేసుకోవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ తట్టలేదు.

రమామణి కార్డులు వంటింటి తలుపు వెనక తీగకు గుచ్చి ఉండేవి. అవే ఆమె గదుల పట్టిక. పెరటాసి నెల శనివారాలకు ఎవరు, పెళ్ళి ముహూర్తాలకు ఎవరు అని వాటిని చూసే చెప్పేది. విల్లుపురం, బళ్ళారి, కంచి నుంచి వచ్చే ఆ కార్డుల్లో ఒక వాక్యం తరచు ఉండేది. ‘పోయినసారి తాంబూలంలో పదిహేను పెట్టినాము, ఈసారీ అట్లే, గదులు ఉంచవలెను.’ దేవనాథన్ పొగ చూడటానికి స్వయంగా వచ్చాడు. ఆమె పొయ్యిలో కాగితాలు వేస్తూనే ఉంది. అవి పదిహేనేళ్ళ పాత పంచాంగాలు. బాగా మండాయి.

మర్నాడు ఆమె కోదండాన్ని వెతుక్కుంటూ పోయింది. ఆయన ఆఫీసు బయట టీ బంకు దగ్గర దొరికాడు. తొమ్మిదేళ్ళలో పొట్ట వచ్చింది, జుట్టు పోయింది.

“నువ్వు రాసిన అరవై నా కొంప ముంచింది కోదండం.”

“నేను రాసినానా అమ్మా? మీరు సెప్పినారు, నేను రాసినాను. ఆ పొద్దు పదకొండు గుండ్లు నా కండ్ల ముందర పెరుగన్నం తింటా ఉంటే సుట్టాలంటిరి.”

“ఇప్పుడు మార్చేదానికి అవుతుందా?”

“రుజువుంటే అవుతాది. యాడుండాది రుజువు?”

ఆమె సంచిలోంచి తీగను పైకి తీసింది. కోదండం టీ గ్లాసు బల్లమీద పెట్టి, నాలుగైదు కార్డులు చదివాడు.

“అమ్మా, ఇవి సూపిస్తే రేటు పెరుగుతాది. దాంతోనే పాత పన్ను కూడా వస్తాది, మూడేండ్ల వెనక్కి. వీదివాళ్ళు మిమ్మల్ని వదల్రు. ఇంటాయన సంతకం పెడతాడా? ఇల్లు ఆయన పేరునే ఉండాది.”

“పెట్టిస్తాను.”

“పెట్టిస్తారులే. మీరు కూసోకుండా తిరగతా ఉంటే ఎవరైనా పెడతారు.”

శఠగోపం సంతకం అంత తేలిగ్గా రాలేదు. క్లెయిమ్ కాగితంలో ‘యాత్రికుల వలన బాడుగ’ అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది.

“బాడుగ అని రాస్తే, ఇన్నేళ్ళు నేను కళ్ళకద్దుకున్నది ఏంది?”

“కళ్ళకద్దుకున్నది మీరు. బియ్యం కొన్నది నేను.”

“రమా, అది కానుక.”

“కానుకకు ఇరవై రెట్లు ఇవ్వరండీ. బాడుగకిస్తారు.”

రెండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో ఆమె ఇంట్లో ఎన్ని మైళ్ళు నడిచిందో లెక్క లేదు. గీత నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి బావికి, బావి నుంచి మళ్ళీ గీతకు. మూడో రోజు ఉదయం గుడికి పోయే ముందు శఠగోపం కాగితం తీసుకుని, పైన ‘శ్రీమతే రామానుజాయ నమః’ అని రాసి, కింద చదవకుండా సంతకం పెట్టాడు. విచారణకు మాత్రం తాను రానన్నాడు. ఆ సంతకం ఆమెకు ఆయన చేసిన అతి పెద్ద ఉపకారమని నా అభిప్రాయం. ఆయన దాన్ని పాపాల్లోనే జమ వేసుకున్నాడు.

అట్లా ఆమె ఒక్కతే ఆ మేడ మెట్లెక్కింది. దేవనాథన్ అర్జీ అయిదు నిమిషాల్లో తేలిపోయింది. రోడ్డు ఆగదన్నారు. తర్వాత ఇంటి నంబర్ల వరసన పిలిచారు. బాడుగ వచ్చేదా అని అడిగితే, ఒక్కొక్కరూ లేచి ‘లేదు’ అని కూర్చున్నారు. అలవాటైన మాట, మళ్ళీ అనడం తేలిక. రమామణి వంతు వచ్చింది. వచ్చేదంది. అధికారి 1974 రిజిస్టరు తిప్పి చూసి, కళ్ళజోడు పైకి తోసి ఆ ప్రశ్న వేశాడు.

“ఆ పొద్దు చెప్పిందే అబద్ధం సార్,” అంది రమామణి. “ఈ పొద్దు చెప్పేదానికి డబ్బులొస్తాయి గదా, ఒట్టిమాటగా చెప్తే మీరు నమ్మరు. అందుకే కార్డులు తెచ్చినాను.”

వెనక బెంచీల మీద ఒక్కసారిగా కదలిక. “కాల్చలేదా!” అన్నాడు దేవనాథన్, పైకే.

“ఎవరు ఏం కాల్చారు?” అని అధికారి తలెత్తాడు.

కార్డుల లెక్కకు గంటన్నర పట్టింది. అరవంలో ఉన్నవాటిని గుమాస్తా చదివి వినిపించాడు. ఒక కార్డు మీద మలేషియా స్టాంపు ఉంది. పెనాంగు నుంచి వచ్చిన కుటుంబం ‘పోయినసారి మా ఊరి పది డాలర్లు పెట్టినాము’ అని రాసింది.

“ఆ పది ఏం చేశారమ్మా?”

“గాజుల అంగడాయనకిచ్చి ముప్పై తెచ్చుకున్నాను సార్.”

“బ్యాంకులో నలభై దాకా వచ్చేది.”

“బ్యాంకాయన ఎవరిచ్చినారని అడుగుతాడు గదా. అంగడాయన అడగలేదు.”

విదేశీ డబ్బు అట్లా మార్చడం నేరం. అధికారి ఆ కార్డును వేలితో పక్కకు జరిపి, “ఇది నాకు కనపడలేదు,” అన్నాడు. ఆమె తన చేత్తో మూలల్లో రాసుకున్న అంకెల్నీ తీసుకోలేదు. వచ్చినవాళ్ళు స్వయంగా అంకె రాసిన కార్డుల్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాడు. మూడేళ్ళకు పన్నెండు వందల అరవై, ఏడాదికి నాలుగు వందల ఇరవై. నిజంగా వచ్చినదానిలో అది సగం కూడా కాదు. ఇరవై రెట్లు ఎనిమిది వేల నాలుగు వందలు. పరిహారం ఖరారు చేసే అవార్డులో అదే రాశాడు.

మిగిలిన పదమూడు ఇళ్ళకూ తలా పన్నెండు వందల చుట్టుపక్కల.

కోదండం చెప్పినట్టే పాత పన్ను నోటీసు కూడా వచ్చింది. మూడేళ్ళకు తేడా రెండు వందల డెబ్బై రూపాయలు. లెక్క మరొకసారి చూడండి. ఏడాదికి తొంభై రూపాయల పన్ను తప్పించుకున్న పద్ధతి, ఆ ఒక్క ఇంటికే ఏడు వేల రెండు వందలు ముంచబోయింది. వీధి మొత్తం మీద ఎంత ముంచిందో హెచ్చవేసుకోవచ్చు. పుణ్యం ఖాతాలో ఏం పడిందో తెలిసినవాళ్ళు చెప్పాలి. రమామణి ఆ రెండు వందల డెబ్బై ఒకేసారి కట్టి రసీదు తెచ్చుకుని, అదే తీగకు గుచ్చింది.

ఆ వారంలోనే దేవనాథన్ వచ్చాడు. కూర్చుని, దగ్గి, మామిడికాయల ధర మాట్లాడి, చివరికి విషయంలోకి వచ్చాడు.

“కొన్ని కార్డుల మీద ఇంటి నంబరు లేదంట గదా రమా? ‘గుడి వెనక వీధి స్వామివారికి’ అని మాత్రమే ఉందంట. అట్లాంటివి ఒక పది ఇస్తే, అప్పీలుకు...”

“ఇవ్వచ్చు బావగారూ. నా చుట్టాలు మీ ఇంట్లో ఎట్ల దిగినారని అడిగితే ఏం చెప్తారు?”

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ మాటను వీధి చాలాకాలం చెప్పుకుంది, కొందరు కోపంగా, కొందరు చాటుగా నవ్వుతూ.

కానీ ఎదురింటి కల్యాణవల్లి వచ్చినప్పుడు రమామణికి అట్లాంటి మాట దొరకలేదు. కల్యాణవల్లి భర్త పోయిన మనిషి. ఆమెకూ రెండు గదులే ఆధారం. దేవనాథన్ చెప్పగానే మొదట కాల్చింది ఆమే. ఆమె గుమ్మంలోనే నిలబడి ఒక్కటే అడిగింది.

“నువ్వు పంచాంగాలు కాలుస్తా ఉన్నప్పుడు నాకొక మాట చెప్పి ఉండకూడదా అక్కా?”

చెప్పి ఉండవచ్చు. చెబితే దేవనాథన్‌కు చేరుతుందని రమామణి భయపడింది. అదే నిజం, అదే ఆమె చెప్పింది. కల్యాణవల్లి తలూపి వెళ్ళిపోయింది. ఏడాది తిరక్కుండా నగరిలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే తమ్ముడి దగ్గరకు చేరింది. ఈ సంగతి నాకు చెబుతూ కూడా రమామణి రెండుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వచ్చింది. ఎదురింటి వైపు చూడలేదు.

1984లో బావి అవతల రెండు గదులు లేచాయి, రేకుల కప్పుతో. గోడమీద ఆమె తన చేత్తో ఒక కాగితం అంటించింది. ‘గది రోజుకు ఇరవై రూపాయలు. రసీదు ఇవ్వబడును.’ శఠగోపం ఆ కాగితం ఉన్న వైపు వెళ్ళడు. పాత అలవాటున ఎవరైనా పళ్ళెంలో తాంబూలం పెడితే మాత్రం అందుకుని కళ్ళకద్దుకుంటాడు. ఇప్పుడు ఆకుల కింద ఏమీ ఉండదు. ఆయన ముఖంలో కనిపించేది తృప్తో వెలితో నేను పోల్చలేకపోయాను.

ఆ ఏడాదే వీధి మొత్తానికి విలువలు తిరగగట్టారు. ఒక ఇంట్లో బాడుగ ఉందని తేలాక, మిగిలిన పదమూడు ఇళ్ళలో ఉన్నది చుట్టాలేనంటే ఒప్పుకునేవాళ్ళు లేరు. వచ్చిన ఉద్యోగి కోదండమే. ఈసారి అడగలేదు, మిగిలిన ఇంటికి బాడుగ ఎంత రావచ్చో టేపు పెట్టి నేరుగా రాసుకున్నాడు. దేవనాథన్ ఇంటికి అర్ధ సంవత్సరం పన్ను ముప్పై నుంచి డెబ్బై రెండుకు పోయింది. ముందు గదులు పోయాయి, వెనక కట్టడానికి డబ్బు లేదు, పన్ను మాత్రం పెరిగింది. దానికి కారణం మరదలేనని ఆయన గోష్ఠిలో, టీ బంకులో, పెళ్ళి పందిళ్ళలో చెబుతూ తిరిగాడు. చెప్పినంతకాలం ఆమె ఇంటి గడప తొక్కలేదు.

1985 మార్చిలో జప్తు నోటీసు వచ్చింది. రెండు అర్ధ సంవత్సరాల బాకీ. అప్పుడు తొక్కాడు.

“నూట నలభై నాలుగు కావాల రమా. పంట గింజలు రాగానే ఇచ్చేస్తాను.”

“నోటు రాసిస్తారా బావగారూ?”

“ఇంట్లోవాళ్ళ మధ్య కాగితాలేందమ్మా! బాడుగకిచ్చేవాళ్ళ మాట ఇది.”

ఆమె వంటింట్లోకి పోయి వచ్చేసరికి శఠగోపం నడవలో నిలబడి ఉన్నాడు. అన్నకు ఇవ్వమని గాని, వద్దని గాని అనలేదు. ఆమె చేతిలో పళ్ళెం ఉంది. ఆకులు, వక్క, అరటిపండు. దేవనాథన్ పళ్ళెం అందుకుని, అలవాటుగా కళ్ళకద్దుకుని, ఆకులెత్తి అక్కడే నిలబడి డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

అది జరిగి రెండేళ్ళయింది. దేవనాథన్ ఆమెకు నూట నలభై నాలుగు రూపాయలు బాకీ.